టెట్రిస్ ఓపెనర్లు: టీకేఐ, పర్ఫెక్ట్ క్లియర్, డీటీ కెనాన్, ఫోర్ వైడ్‌లలో ముందు ఏది నేర్చుకోవాలి?

నలభై లైన్లు వీలైనంత త్వరగా చెరిపే స్ప్రింట్ తడబడకుండా పూర్తిచేస్తున్నారు. టెట్రియో, జేస్ట్రిస్ లాంటి ఆన్‌లైన్ టెట్రిస్ ఆటల్లో ఎదుటి మనిషితో తలపడటం మొదలుపెట్టారు. కానీ ఆట ఇంకా కుదురుకోకముందే అవతలి వైపు నుంచి గార్బేజ్, అంటే వాళ్ళు లైన్లు చెరిపినందుకు మన బోర్డు అడుగున ఎక్కే గుంత ఉన్న లైన్లు, వచ్చి పడుతోంది. అప్పుడు ఎవరికైనా తోచేది ఒకటే, మనమూ ఒక ఓపెనర్, అంటే ఆట మొదట్లో కట్టడానికి ముందే గీసుకున్న ఆకారం, నేర్చుకోవాలని. ఇక్కడ కడపలో నాతో ఆడే పిల్లలు, అనంతపురం జేఎన్‌టీయూ హాస్టల్లో ఉండే మా పిన్నమ్మ కొడుకు, అతని స్నేహితులు అందరూ నన్ను అడిగింది ఇదే. వాళ్ళకు చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నా.

జవాబు ముందే చెప్పేస్తా. మొదట టీకేఐ, అది చేతికి పట్టాక పర్ఫెక్ట్ క్లియర్ నేర్చుకోండి. డీటీ కెనాన్ మూడోది. ఫోర్ వైడ్‌ను మీరు ఆడటానికి కాకుండా, అవతలివాళ్ళు ఆడితే ఆపడానికి తెలుసుకోండి. ఓపెనర్‌ను అది పంపే లైన్ల లెక్కతో ఎంచుకునేవాళ్ళే ఎక్కువ. నేను మాత్రం అది అయిపోయాక బోర్డు మీద ఏం మిగిలిందో చూసి ఎంచుకోమంటాను. పద్నాలుగో పీస్ పెట్టేటప్పటికి మీ నేల చదునుగా ఉందా, తరువాతి టీ పీస్‌కు చోటు కనబడుతోందా? మ్యాచ్ అక్కడ తేలుతుంది.

పెద్ద దర్గా ఉరుసు అంగళ్ళలో కొన్న బ్రిక్ గేమ్ మీద పెరిగినవాళ్ళు ఒక తేడా గమనించాలి. అందులో ఏ పీస్ ఎప్పుడొస్తుందో నమ్మకం లేదు, ఒక పీస్‌ను తరువాతికి పక్కన దాచుకునే హోల్డ్ లేదు, అందుకే ఓపెనర్ అనే మాటకే అర్థం లేదు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ చేసిన తొలి ఆటకూ ఇప్పటి పోటీ ఆటలకూ మధ్య వచ్చిన పెద్ద మార్పు బ్యాగ్. ఇంగ్లీషు అక్షరాలను పోలిన ఏడు పీసులు – ఐ, ఓ, టీ, ఎస్, జెడ్, జే, ఎల్ – ఒక సంచిలో వేసి కలిపినట్టు వస్తాయి. ఏడూ వచ్చాకే కొత్త బ్యాగ్ మొదలవుతుంది. కాబట్టి ఒక ఐ పీస్ తరువాత ఇంకో ఐ కోసం ఎంత ఆలస్యమైనా మధ్యలో 12 పీసులకు మించి రావు. మొదటి ఏడింటిలో టీ ఒకటే ఉంటుంది, తప్పకుండా ఉంటుంది. ఈ భరోసా ఉంది కాబట్టే ముందుగా గీసుకున్న ఆకారం కట్టగలం.

ఇంకొకటి, ధరలు తెలియాలి. జేస్ట్రిస్‌లో, ఆ తరహా ఆటల్లో ఒకేసారి రెండు లైన్లు చెరిపే డబుల్ 1 లైన్, మూడు చెరిపే ట్రిపుల్ 2, నాలుగు చెరిపే టెట్రిస్ 4 పంపుతాయి. టీ పీస్‌ను చివర్లో తిప్పి గుంతలో ఇరికించి లైన్లు చెరిపితే అది టీ-స్పిన్: టీ-స్పిన్ సింగిల్ 2, టీ-స్పిన్ డబుల్ 4, టీ-స్పిన్ ట్రిపుల్ 6. టెట్రిస్, టీ-స్పిన్‌లు వరసగా పడితే బ్యాక్-టు-బ్యాక్ కింద ఒకటి అదనం. బోర్డు మొత్తం ఖాళీ చేస్తే, అంటే పర్ఫెక్ట్ క్లియర్‌కు 10. ఈ పట్టికను ఇంకో రకంగా చదవండి. టెట్రిస్ నాలుగు లైన్లు చెరిపి నాలుగు పంపుతుంది, అంటే లైన్‌కు ఒకటి. టీ-స్పిన్ ఏదైనా చెరిపిన ప్రతి లైన్‌కూ రెండు పంపుతుంది. మనం పేర్చిన గళ్ళే మన పెట్టుబడి కాబట్టి టీ పీస్‌ను మామూలుగా నేల మీద పడేస్తే సగం ధరకు అమ్ముకున్నట్టే. నేను సిఫారసు చేసే మొదటి ఓపెనర్ టీ చుట్టూ తిరిగేది ఇందుకే.

టీకేఐ ఎందుకు ముందు

ఐ పీస్‌ను అడుగున అడ్డంగా పరిచి, మిగతా వాటిని చుట్టూ పేర్చి, మొదటి బ్యాగ్‌లోని టీతోనే డబుల్ కొట్టే ఓపెనర్ ఇది. టీ-స్పిన్ డబుల్‌కు కావాల్సిన గుంత ఎలా ఉంటుందో మనసులో స్పష్టంగా ఉండాలి. అడుగు లైన్‌లో ఒక్క గడి ఖాళీ. దాని పైలైన్‌లో, ఆ గడి మీదా, దానికి చెరో పక్కనా, మూడు గళ్ళు ఖాళీ. ఆ మూడింటిలో ఒక చివరి గడి మీదికి, మూడో లైన్ నుంచి ఒక గడి చూరులా వచ్చి ఉండాలి. టీ ఆ చూరు పక్కనుంచి దిగి, చివరి కదలికగా తిరిగి, కిందికి ముక్కు పెట్టి కూర్చుంటుంది. టీ నడిగడి చుట్టూ ఉన్న నాలుగు మూలల్లో మూడు నిండి ఉండి, చివరి కదలిక తిప్పుడే అయితే ఆట దాన్ని టీ-స్పిన్‌గా లెక్కేస్తుంది. చూరు లేకుండా పై నుంచి నేరుగా వదిలితే రెండు లైన్లు చెరుగుతాయి గానీ అవతలికి పోయేది ఒక్క లైనే.

లెక్క చూడండి. ఆరు పీసులకు 24 గళ్ళు, టీతో కలిపి 28. రెండు లైన్లు చెరిగితే 20 పోతాయి. మిగిలేది 8 గళ్ళే. ఏడు పీసులకే నాలుగు లైన్లు పంపి, ఇంత తేలికైన బోర్డుతో మిగిలే ఓపెనర్ ఇంకొకటి నాకు తెలిసి తొలిదశ ఆటగాళ్ళకు లేదు. అక్కడి నుంచి రెండో బ్యాగ్ టీతో ఇంకో డబుల్ కొడితే బ్యాక్-టు-బ్యాక్‌తో ఐదు లైన్లు. లేదంటే ఉన్న 8 గళ్ళకు ఇంకో ఎనిమిది పీసులు చేరిస్తే సరిగ్గా 40 గళ్ళు అవుతాయి కాబట్టి పర్ఫెక్ట్ క్లియర్‌కు ప్రయత్నించే దారీ తెరిచే ఉంటుంది. రెండూ కుదరకపోతే మామూలుగా పేర్చుకుంటూ పోవచ్చు, నష్టం లేదు.

కష్టం ఎక్కడంటే హోల్డ్ దగ్గర. బ్యాగ్‌లో టీ చివర వస్తే పండగ, హోల్డ్ ఆరు పీసుల పాటు మీ చేతిలోనే ఉంటుంది, ముందొచ్చిన ఎస్‌నో జెడ్‌నో పక్కన పెట్టి దాని కింద ఉండాల్సింది ముందు పెట్టుకోవచ్చు. టీ మొదటే వచ్చిందనుకోండి. దాన్ని హోల్డ్‌లో పెట్టారు. ఇక హోల్డ్‌కు తాళం పడింది. మిగతా ఆరూ ఏ వరసలో వస్తే ఆ వరసలోనే పెట్టాలి. అందుకే టీకేఐ నేర్చుకునేటప్పుడు ఒక్క బొమ్మ బట్టీ పట్టడం చాలదు. అద్దంలో కనబడినట్టు తిరగేసిన రూపం కూడా చేతికి రావాలి. జే ఉన్న చోట ఎల్, ఎస్ ఉన్న చోట జెడ్, అంతే మార్పు. ఐదు నెక్స్ట్ పీసులు కనబడుతున్నప్పుడు జే ముందా ఎల్ ముందా అని చూసి ఎడమా కుడా అని తేల్చుకోవడం, ఆట మొదలవడానికి ముందున్న ఆ లెక్కింపు సమయంలోనే జరిగిపోవాలి. ఏ రూపానికీ వరస కుదరకపోతే ఆ ఆటలో టీకేఐ మానేయండి. బలవంతంగా కట్టి అడుగున గుంత పెట్టుకోవడం కన్నా చదునుగా పేర్చి రెండో బ్యాగ్ టీ కోసం చూడటం మేలు. నాపరాళ్ళు పరిచే మేస్త్రీ రసమట్టం పెట్టి మొదటి వరస సరిచూసుకున్నాకే రెండో వరసకు పోతాడు. అడుగు వంకరైతే ఆ వంకర పైదాకా వస్తుందని అతనికి తెలుసు.

పర్ఫెక్ట్ క్లియర్, లెక్కలు ఇష్టపడేవాళ్ళకు

పది నిలువు వరసలు, నాలుగు లైన్లు, 40 గళ్ళు. ఒక్కో పీస్ నాలుగు గళ్ళు కాబట్టి పది పీసులకు బోర్డు ఖాళీ చేయవచ్చు. పది పీసులకు పది లైన్లు పంపే బేరం ఇంకెక్కడా దొరకదు. మొదటి బ్యాగ్ ఏడూ పెట్టాక మిగిలే చోటు 12 గళ్ళు. రెండో బ్యాగ్‌లో వచ్చే తొలి పీసుల్లో మూడు ఆ చోట అతకాలి. హోల్డ్ సాయంతో నాలుగు పీసుల్లోంచి మూడు ఎంచుకోవచ్చు.

అతుకుతాయా లేదా అనేది అదృష్టం మాత్రమే కాదు. బోర్డును చదరంగం బల్లలా నలుపు తెలుపు గళ్ళుగా ఊహించుకోండి. నాలుగు లైన్లలో 20 నలుపు, 20 తెలుపు. ఏ పీస్ పెట్టినా రెండు నలుపు, రెండు తెలుపు కప్పుతుంది, ఒక్క టీ తప్ప. టీ మూడు ఒక రంగు, ఒకటి ఇంకో రంగు కప్పుతుంది. అంటే మధ్యలో ఏ లైనూ చెరగకుండా నాలుగు లైన్లూ ఒకేసారి నింపాలంటే వాడిన టీల సంఖ్య సరిసంఖ్య కావాలి. ఒక్క టీ వాడి, మిగతా తొమ్మిదీ వేరేవైతే అది ఎప్పటికీ కుదరదు, ఎంత మేధావి ఆడినా సరే. అప్పుడు మధ్యలో ఒక లైన్ ముందే చెరిపి, పీసులు రెండు ముక్కలుగా విడిపోయేలా చేసుకుంటేనే రంగుల లెక్క మారుతుంది. ఈ ఒక్క విషయం అర్థమైన రోజున పర్ఫెక్ట్ క్లియర్ బట్టీ పట్టే చదువు కాదని తెలుస్తుంది. లెక్కల మాస్టారు పాఠం చెప్పడానికి ఇంత అందమైన ఉదాహరణ నాకు ఇంకెక్కడా కనబడలేదు. మా పిల్లలు గళ్ళ నోటుబుక్కులో పెన్సిలుతో గీసుకుని మరీ దీన్ని పట్టుకున్నారు.

ఒకటి అయిపోయాక రెండోది మొదలుపెట్టవచ్చు. కాకపోతే రెండోది బ్యాగ్ మధ్యలో, నాలుగో పీస్ నుంచి మొదలవుతుంది, కాబట్టి ఆకారాలు వేరు. ఏడు పర్ఫెక్ట్ క్లియర్లకు 70 పీసులు, అంటే సరిగ్గా పది బ్యాగులు. అక్కడ చక్రం మళ్ళీ మొదటికి వస్తుంది. ఏడు దశలకూ ఆకారాలు నేర్చుకునే ఓపిక ఉన్నవాళ్ళు ఉన్నారు. పోటీ ఆటకు మొదటి రెండు దశలు వస్తే చాలని నా అభిప్రాయం.

దీని బలహీనత ఒక్కటే, అది చిన్నదేమీ కాదు. మీరు పూర్తిచేయకముందు గార్బేజ్ బోర్డులోకి ఎక్కిందంటే ఖాళీ చేయాల్సిన గళ్ళు పెరిగిపోతాయి, పథకం అక్కడికి ఆగిపోతుంది. టీకేఐ ఆడేవాడు ఏడో పీస్‌కే నాలుగు లైన్లు పంపుతాడు, మీకు పది కావాలి. అయితే వచ్చే గార్బేజ్ ఇంకా వరసలో వేచి ఉండగానే మీ పది లైన్లు పడితే నాలుగూ కొట్టుకుపోయి మిగతా ఆరూ అవతలికి పోతాయి. కాబట్టి పర్ఫెక్ట్ క్లియర్ ఎంచుకునేవాళ్ళకు వేగం ఉండాలి. సెకనుకు ఒకటిన్నర పీస్ పెట్టడమే కష్టమైతే ఇది మీకు ఇప్పుడే వద్దు.

మీరు ఆడే ఆట ఏదో కూడా చూసుకోండి. జేస్ట్రిస్‌లో పర్ఫెక్ట్ క్లియర్‌కు పది లైన్లు. టెట్రియోలో 2024లో వచ్చిన రెండో సీజన్ నుంచి దాని బలం తగ్గించారు, బ్యాక్-టు-బ్యాక్ గొలుసును పొడుగ్గా నిలబెట్టుకున్నవాళ్ళకు లాభం పెంచారు. టెట్రియో మాత్రమే ఆడేవాళ్ళయితే పర్ఫెక్ట్ క్లియర్ మీద పెట్టే సమయంలో సగం టీ-స్పిన్ డబుల్‌లు వరసగా కొట్టడం మీద పెట్టండి.

డీటీ కెనాన్

పేరులోనే ఉంది, డబుల్ తరువాత ట్రిపుల్. 4, ఆ తరువాత బ్యాక్-టు-బ్యాక్‌తో 7, మొత్తం 11. మా పిన్నమ్మ కొడుకు అడిగింది కూడా ఇదే.

"న్నా, పదకొండు లైన్లు ఒకేసారి పోతాయంట గదా, అదే నేర్పీ."

"పోతాయిరా అబ్బీ. పదమూడు పీసుల దాకా అవతలోడు నిన్ను ముట్టకుండా ఉంటే పోతాయి."

పదమూడు అన్నది ఊరికే అన్న మాట కాదు. డబుల్, ట్రిపుల్ కలిపి ఐదు లైన్లు, 50 గళ్ళు. నాలుగేసి గళ్ళ పీసులతో 50 నిండాలంటే పన్నెండు చాలవు. అంటే అంతసేపూ మీరు ఏమీ పంపకుండా, ఎత్తు పెంచుకుంటూ, కింద ఒక లోతైన గుంత మోసుకుంటూ ఉంటారు. ట్రిపుల్ గుంతలోకి టీ దిగాలంటే తిప్పేటప్పుడు రెండు గళ్ళు కిందికి జారాలి. ఆ జారుడు సూపర్ రొటేషన్ సిస్టమ్ అనే తిప్పుడు నియమాల్లో ఉంది కాబట్టే అది సాధ్యం. చూడటానికి కనికట్టులా ఉంటుంది. కానీ మధ్యలో ట్రిపుల్ ఆగిపోతే ఆ గుంత మీదే చూరు పడి ఉంటుంది, దాన్ని తవ్వుకోవడం తొలిదశలో ఉన్నవాళ్ళకు నరకం. నిదానంగా ఆడే ప్రత్యర్థి మీద బాగా పనిచేస్తుంది. వేగంగా ఆడేవాళ్ళ మీద వద్దు. ట్రిపుల్ తిప్పుడు చేతికి అలవాటు కావాలంటే మాత్రం ఒంటరిగా సాధన చేసేటప్పుడు ఇదే మంచి పాఠం.

ఫోర్ వైడ్ సంగతి

మధ్యలో నాలుగు నిలువు వరసలు ఖాళీ వదిలి, ఎడమ మూడు, కుడి మూడు వరసలు పైదాకా కడతారు. ఆ ఖాళీ అడుగున మూడు గళ్ళు నింపి పెడతారు. అక్కడి నుంచి ప్రతి పీస్ నాలుగు గళ్ళు చేరుస్తుంది, నాలుగు గళ్ళ లైన్ ఒకటి చెరుగుతుంది, మళ్ళీ మూడే మిగులుతాయి. అలా పీస్‌కో లైన్ చొప్పున కాంబో సాగుతూనే ఉంటుంది. మధ్యలోనే ఎందుకంటే పీసులు పుట్టేది నాలుగో వరస నుంచి ఏడో వరస మధ్యే. ఆ వరసలు ఖాళీగా ఉన్నంతసేపూ గోడలు ఆకాశానికి ఎక్కినా ఆట పోదు.

పది లైన్ల ఎత్తు గోడలకు 60 గళ్ళు, 15 పీసులు. అన్ని పీసులు మౌనంగా కడుతున్నవాడిని చూస్తూ ఊరుకుంటే తప్పు మనదే. పక్క బోర్డు మీద ఒక చూపు వేసి రెండు గోడలు లేస్తున్నాయని కనబడగానే ఉన్నదంతా పంపేయండి. ఆ దశలో వాడికి చెరపడానికి లైన్ ఉండదు, గార్బేజ్ మొత్తం లోపలికి ఎక్కుతుంది, గోడలు ఇంకా పైకి పోతాయి. కాంబో మొదలయ్యాక అయితే ఆలస్యమైనట్టే. లైన్ చెరుగుతున్నంతసేపూ వాడి బోర్డులోకి గార్బేజ్ ఎక్కదు. అప్పుడు మీ బోర్డు కిందికి దించుకుని, వచ్చేదానికి చోటు చేసుకోవడమే పని. ఫోర్ వైడ్ మోసం అనేవాళ్ళతో నేను ఏకీభవించను, నియమాల్లో ఉన్నదే. కానీ దీనితోనే గెలవడం అలవాటైన పిల్లలు గార్బేజ్ తవ్వడం నేర్చుకోరు, టీ గుంతలు చూడటం నేర్చుకోరు. కొంచెం పై స్థాయికి పోగానే అక్కడే ఇరుక్కుపోతారు.

ఓపెనర్ అయిపోయాక

ఇక్కడ రెండు నిర్ణయాలు ఉంటాయి. టెట్రిస్ కోసం వదిలే నిలువు సందు ఎక్కడ పెట్టాలనేది మొదటిది. కుడి అంచున వదిలే 9–0 పద్ధతి కంటికి సులువు, తప్పులు తక్కువ. ఎడమ ఆరు, కుడి మూడు పేర్చి ఏడో వరస వదిలే 6–3 పద్ధతిలో వేళ్ళకు పని తగ్గుతుంది. ఐ పీస్‌ను కుడివైపు తిప్పితే ఆరో వరసలో నిలబడుతుంది, ఒక్కసారి కుడికి నొక్కితే సందులోకి పోతుంది. స్ప్రింట్ సమయం తగ్గించుకోవాలనుకునేవాళ్ళకు 6–3 మంచిది. ఎదుటి మనిషితో ఆడేటప్పుడు సందు ఎక్కడన్నది గార్బేజ్ గుంతను బట్టి ఎలాగూ మారుతుంటుంది, కాబట్టి ఏదైనా ఒకటి అలవాటు చేసుకుంటే సరిపోతుంది.

రెండోది, టెట్రిస్‌లా డబుల్‌లా అని. ఒక బ్యాగ్ 28 గళ్ళు. టెట్రిస్ ఒకటి 40 గళ్ళు తింటుంది కాబట్టి బ్యాగ్‌కు ఒక టెట్రిస్ సాధ్యం కాదు. టీ-స్పిన్ డబుల్ 20 గళ్ళే తింటుంది కాబట్టి బ్యాగ్‌కు ఒకటి సాధ్యమే, అదీ నాలుగు లైన్లకే. బ్యాగ్‌కు 8 గళ్ళు మిగులుతూ, ఐదు బ్యాగులకు నాలుగు లైన్ల ఎత్తు పెరుగుతుంది. దాన్ని అప్పుడప్పుడు ఒక టెట్రిస్‌తో దించుకుంటే గొలుసు తెగదు. ఎల్‌ఎస్‌టీ స్టాకింగ్ అనే పేర్పుడు పద్ధతి పుట్టింది ఈ లెక్క మీదే. ఎల్, ఎస్, టీలను ఒక పక్క వాడుతూ ప్రతి బ్యాగ్‌లో టీకి గుంత తయారుచేసుకుంటూ పోవడం. నన్ను అడిగితే మూడో ఓపెనర్ నేర్చుకునే ముందు ఇది నేర్చుకోమంటాను.

బ్రిక్ గేమ్ నాటి ఆటే ఇష్టమనేవాళ్ళకు పాత నింటెండో యంత్రం మీది నెస్ టెట్రిస్ దారి ఉంది. హోల్డ్ లేదు, నెక్స్ట్ ఒకటే, టీ-స్పిన్‌కు ప్రత్యేక ధర లేదు. అక్కడ ఓపెనర్ల గొడవే లేదు, వేళ్ళ వేగమే చదువు. 2023 డిసెంబరులో 13 ఏళ్ళ విల్లిస్ గిబ్సన్ 157వ లెవెల్ దాకా పోయి ఆ ఆట స్తంభించేలా చేసినప్పుడు లోకమంతా మాట్లాడుకుంది. అది వేరే విద్య. దానికోసం పడ్డ శ్రమ ఇక్కడ పేర్చడంలో పనికొస్తుంది గానీ టీ-స్పిన్‌లో పనికిరాదు.

చేతిలో ఏముందో కూడా ఎంపికను మారుస్తుంది. ఫోన్ మీద వేలితో ఆడేవాళ్ళు ఓపెనర్ల జోలికి ఇప్పుడే పోవద్దు, చదునుగా పేర్చడం, గార్బేజ్ తవ్వడం చాలు. లాప్‌టాప్ కీబోర్డు సరిపోతుంది. సెట్టింగుల్లో డీఏఎస్, అంటే కీ నొక్కిపట్టినప్పుడు పీస్ పరుగు మొదలవడానికి పట్టే సమయం, కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పోండి. ఒక్కసారి నొక్కితే రెండు గళ్ళు జరుగుతున్నాయంటే మరీ తగ్గించారని అర్థం, ఒక మెట్టు వెనక్కి రండి. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆడేటప్పుడు నెట్ ఊగిసలాడితే గార్బేజ్ ఎప్పుడు ఎక్కుతుందో అంచనా తప్పుతుంది. అలాంటి పూట పర్ఫెక్ట్ క్లియర్ పక్కన పెట్టి టీకేఐతోనే ఆడండి.

సాధన ఇలా చేయమంటాను. ప్రత్యర్థి లేకుండా, మొదటి బ్యాగ్ కనబడగానే ఎడమా కుడా మానేయడమా అని నోటితో చెప్పి, కట్టి, టీ తిప్పి, రెండో టీ పెట్టేదాకా ఆడి, మళ్ళీ మొదలుపెట్టండి. మొదటి డబుల్ దగ్గర ఆపొద్దు. రెండో డబుల్ కూడా ఆలోచించకుండా పడుతోందంటే గళ్ళ నోటుబుక్కు తీసి నలుపు తెలుపు లెక్క మొదలుపెట్టవచ్చు.